ఎంవీపీని ఎలా తేల్చాలి?

ప్రశ్న: ఆరు జట్లతో ఏడు ఇన్నింగ్స్‌ల బేస్‌బాల్ లీగ్ ఆడుతున్నాం. ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) దగ్గర ఏటా గొడవే. పద్ధతేమిటండీ?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సగం గొడవ స్కోరు పుస్తకంలోనే పుడుతుంది. ఫీల్డర్ తేలిక బంతిని జారవిడిచినా హిట్ (బ్యాటర్ సొంతంగా కొట్టి బేస్ చేరడం) రాసేస్తారు, అది ఎర్రర్ (ఫీల్డర్ తప్పు). వాక్‌ను (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా దొరికే మొదటి బేస్) ఎట్‌బ్యాట్‌లో (సగటు లెక్కకు తీసుకునే బ్యాటింగ్ అవకాశం) కలిపేస్తారు, కలపకూడదు. ఒకడు 20 ఎట్‌బ్యాట్లలో 8 హిట్లు కొట్టాడనుకోండి: ఐదు సింగిల్స్ (ఒక్కో బేస్), రెండు డబుల్స్ (రెండేసి బేస్‌లు), ఒక హోమ్ రన్ (నాలుగు బేస్‌లు). మొత్తం 13 బేస్‌లు. 20తో భాగిస్తే స్లగింగ్ (ఎట్‌బ్యాట్‌కు సగటు బేస్‌లు) 0.650. ఐదు వాక్‌లు కూడా ఉంటే ఆన్‌బేస్ (ఎన్నిసార్లకు ఎన్నిసార్లు బేస్ చేరాడన్నది) 25కి 13, అంటే 0.520. రెండూ కూడితే 1.170. బ్యాటర్లను పోల్చడానికి ఈ అంకె చాలు. ఒక్క మ్యాచ్ ఆడి మెరిసినవాడు పైకెక్కకుండా, జట్టు ఆడిన ఒక్కో మ్యాచ్‌కు సగటున రెండుసార్లైనా బ్యాటింగ్‌కు వచ్చుండాలని పెట్టుకోండి (అమెరికా మేజర్ లీగ్‌లో ఇది 3.1).

పిచ్చర్లకు (బంతి విసిరేవాళ్లకు) ఈ లెక్క కుదరదు కాబట్టి ఓటు తప్పదు. మేజర్ లీగ్ ఓటింగ్‌లో మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, ఆపైన 8, 7... ఒకటి దాకా. మీకు మూడు పేర్లు, 5-3-1 సరిపోతాయి. కెప్టెన్లు సొంత జట్టువాడి పేరు రాయకూడదు. చీటీలు ఫైనల్‌కు ముందే డబ్బాలో వేయించండి. లేదంటే ఆఖరి రోజు హోమ్ రన్ కొట్టినవాడికే అన్నీ పడతాయి.