గ్రాహకం వైరస్‌ను పిలుస్తుందా?

సందేహం: చెన్నైలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ కోసం హెచ్ఐవీ గురించి కరపత్రం రాస్తున్నాను. రిసెప్టర్‌ను తమిళంలో ‘ఏర్పి’ అంటున్నారు. మన ‘గ్రాహకం’ దానికి సరిపోతుందా? ‘కణంలోని గ్రాహకాలు వైరస్‌ను గ్రహించి లోపలికి ప్రవేశపెడతాయి’ అని రాశాను. తప్పా? కో-రిసెప్టర్‌ను ‘ఉపగ్రాహకం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: మాట తప్పు కాదమ్మా, వాక్యం తప్పు. ఏర్పి అన్నా గ్రాహకం అన్నా అందుకొనేదనే అర్థం. అయితే అది అందుకోవలసింది వైరస్‌ను కాదు. సీసీఆర్5 అనే గ్రాహకం ఉన్నది ఒంట్లోని రసాయన సంకేతాలను అందుకోవడానికి. హెచ్ఐవీ వచ్చి దాన్ని తన పనికి వాడుకుంటుంది. మీ వాక్యంలో కర్త తారుమారై, తప్పంతా కణానిదే అన్నట్టయింది. జబ్బుతో ఉన్నవాళ్ళు చదివే కరపత్రంలో ఇది చిన్న తేడా కాదు. వైరస్‌నే కర్తగా నిలపండి.

క్రియ కూడా మార్చండి. ప్రవేశం హక్కుతో వచ్చేవాళ్ళకూ ఉంటుంది, గృహప్రవేశం అంటాం కదా. పిలవకుండా దూరేదానికి ‘చొరబడు’ ఉంది. చొచ్చు, చొరబాటు, చొరవ ఒకే కుదురు మాటలు. అలాగని ‘పొరను చీల్చుకొని’ అని దాని ముందు తగిలించకండి. అక్కడ చీలేదేమీ లేదు. వైరస్ పైనున్న జీపీ120 అనే ప్రోటీన్ ముందు కణం మీదున్న సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే జీపీ120 ఆకారం మారి, కణం మీది కో-రిసెప్టర్లయిన సీసీఆర్5నో సీఎక్స్‌సీఆర్4నో అందుకుంటుంది. అప్పుడు వైరస్‌దే మరో ప్రోటీన్ జీపీ41 కణం పొరలో గుచ్చుకొని, తాను మడతపడుతూ రెండు పొరలనూ దగ్గరకు లాగుతుంది. చారు మీద తేలే రెండు నూనెచుక్కలు తగులుకొని ఒకటైనట్టు వైరస్ పొర, కణం పొర కలిసిపోతాయి. లోపలి సరుకంతా కణంలోకి దిగుతుంది.

‘ఉపగ్రాహకం’ మాత్రం వద్దు. ఉపనది, ఉపాధ్యక్షుడు అన్నప్పటిలా ఒక మెట్టు కింద ఉన్నట్టు వినిపిస్తుంది. హెచ్ఐవీ సీడీ4ను వాడుకుంటుందన్న సంగతి 1984లోనే తేలింది. అదొక్కటే చాలదని తెలిసినా, తోడుగా ఉండేవి దొరికింది 1996లో. సీసీఆర్5 జన్యువులో 32 జతల డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన నకలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవాళ్ళు ఉంటారు. సీడీ4 నిక్షేపంగా ఉన్నా, సీసీఆర్5 మీద ఆధారపడే హెచ్ఐవీ వాళ్ళకు దాదాపుగా సోకదు. అంత ముఖ్యమైనదాన్ని ‘ఉప’ అనలేం, ‘సహగ్రాహకం’ అనండి.

ఇలా రాసి చూడండి: ‘హెచ్ఐవీ కణం మీది గ్రాహకాన్ని, ఆపైన ఒక సహగ్రాహకాన్ని పట్టుకొని, తన పొరను కణం పొరతో కలిపేసి లోపలికి చొరబడుతుంది.’ గ్రాహకం అన్న మాట మొదటిసారి వచ్చినచోట పక్కనే రిసెప్టర్ అని కూడా వేయండి. డాక్టరు నోట వాళ్ళు వినేది ఆ మాటే.