అమెరికా ఎన్నికల్లో ఓటు లేనివాళ్లూ లెక్కలో ఉంటారు

"టెక్సాస్‌కి 40, న్యూయార్క్‌కి 28, వయోమింగ్‌కి 3... అమెరికా అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి రాష్ట్రాలకి ఉండే ఈ ఎలక్టోరల్ ఓట్లు ఏ లెక్కన పంచుతారు? వీసా మీద ఉన్న మనకి దీంతో ఏమైనా సంబంధం ఉందా?" అని ఒకరు నన్ను అడిగారు.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. సంబంధం ఉంది. 2020 దాకా నేనూ లేదనే అనుకున్నాను.

మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 2020 మార్చిలో సెన్సస్ (జనాభా లెక్కల) వాళ్ల ఉత్తరం వచ్చింది. అప్పుడు నేను హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. మా ఆవిడకి ఒకటే టెన్షన్. "మనకి ఓటే లేదు కదా, ఇప్పుడు ఈ వివరాలన్నీ ఇవ్వడం అవసరమా?" అంది. ఆ ఉత్తరం చాలారోజులు ఫ్రిజ్ మీద మాగ్నెట్ కిందే ఉండిపోయింది. చివరికి ఒక ఆదివారం కూర్చుని ఆన్‌లైన్‌లో నింపాను. పది నిమిషాల పని. ఏప్రిల్ 1న ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, పేర్లు, వయసులు, ఆడా మగా, జాతి, ఇల్లు సొంతమా అద్దెదా, ఇలాంటివే. పౌరసత్వం గురించి ప్రశ్నే లేదు. ఆ ప్రశ్న పెట్టాలని ప్రభుత్వం చూసింది కానీ 2019లో సుప్రీంకోర్టు అడ్డుపడింది. మనం ఇచ్చిన వివరాలు 72 ఏళ్లు బయటికి రావు.

మా అమ్మానాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు, విజిటర్ వీసా మీద వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయారు. వాళ్లని రాయాలా వద్దా అని కాసేపు తికమకపడ్డాను. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని లెక్కపెట్టరు. ఇక్కడే కాపురం ఉంటున్నవాళ్లని మాత్రం వీసా ఏదైనా లెక్కపెడతారు. అలా నేను, మా ఆవిడ, నాలుగేళ్ల మా పాప, ముగ్గురం టెక్సాస్ జనాభాలో చేరాం.

ఇక మొదటి ప్రశ్న. రాష్ట్రానికి ప్రతినిధుల సభలో (మన లోక్‌సభ లాంటిది) ఎన్ని సీట్లుంటే అన్ని, వాటికి పైసభ సెనేట్‌లో ఉండే సెనేటర్లు ఇద్దరిని కలిపితే ఎలక్టోరల్ ఓట్లు. ప్రతినిధుల సభలో మొత్తం 435, సెనేట్‌లో 100, రాజధాని వాషింగ్టన్‌కి 3, వెరసి 538. గెలవాలంటే 270 కావాలి. 435 సీట్లనీ పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత మళ్లీ పంచుతారు. ముందు 50 రాష్ట్రాలకీ తలా ఒకటి ఇచ్చేస్తారు. మిగిలిన 385 ఒక్కొక్కటిగా, ఆ క్షణానికి ఎవరి జనాభాకి సీట్లు తక్కువగా ఉన్నాయో వాళ్లకి వెళ్తాయి. 2020 లెక్క ప్రకారం 51వ సీటు కాలిఫోర్నియాకి, 52వది టెక్సాస్‌కి, 53వది మళ్లీ కాలిఫోర్నియాకే. చిట్టచివరి 435వది మిన్నెసోటాకి దక్కింది. న్యూయార్క్‌లో ఇంకో 89 మంది లెక్కలో చేరి ఉంటే ఆ సీటు వాళ్లకే ఉండేది!

89 మంది. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో రెండు బిల్డింగుల జనం. అది చదివినప్పుడు నాకు ఫ్రిజ్ మీది ఆ ఉత్తరమే గుర్తొచ్చింది. మనలాంటి ఎన్ని ఇళ్లలో అలాంటి ఉత్తరాలు చెత్తబుట్టలోకి వెళ్లాయో. ఆ లెక్కతో టెక్సాస్‌కి రెండు సీట్లు పెరిగి 38 ఓట్లు 40 అయ్యాయి. ఇది 2020 ఎన్నికలకి వర్తించలేదు, అవి 2010 లెక్క మీదే జరిగాయి. మా ముగ్గురం లెక్కలోకి వచ్చింది 2024లో.

పంపకంలో నాకు అన్యాయంగా అనిపించేది సెనేటర్ల రెండు ఓట్లు. వయోమింగ్ జనాభా సుమారు 5 లక్షల 77 వేలు, ఓట్లు 3. అంటే ఒక్కో ఓటుకి 2 లక్షల మంది కూడా లేరు. టెక్సాస్‌లో ఒక్కో ఓటు వెనక 7 లక్షల పైచిలుకు ఉన్నారు. మన దగ్గర రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటు విలువ కూడా జనాభాని బట్టే కడతారు కానీ, ఇప్పటికీ 1971 లెక్కతోనే. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132.

రాష్ట్రానికి వచ్చిన ఓట్లు అభ్యర్థులకి ఎలా వెళ్తాయన్నది రాష్ట్రం ఇష్టం. 48 రాష్ట్రాల్లో గెలిచినవాళ్లకే అన్నీ. మెయిన్, నెబ్రాస్కా మాత్రం నియోజకవర్గాల వారీగా విడదీస్తాయి. అందుకే 2024లో ట్రంప్ నెబ్రాస్కా గెలిచినా ఒమాహా నగరం ఉన్న నియోజకవర్గం ఓటు హారిస్‌కి వెళ్లింది.

మళ్లీ లెక్క 2030 ఏప్రిల్ 1కి. అది 2032, 2036, 2040 ఎన్నికలకి పనిచేస్తుంది. మా పాపకి అధ్యక్ష ఎన్నికల్లో తొలి ఓటు 2036లో. మీకు అప్పటికి వీసా ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, ఉత్తరం వచ్చిన రోజే నింపేయండి. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారిని, మామయ్యగారిని మాత్రం అందులో రాయకండి.