టకుమార్‌ను అమ్మే ముందు ఆ చిన్న స్విచ్ చూడండి

ప్రశ్న: మా బాపు హనుమకొండలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. ఆయన పెట్టెలో మూడు పాత లెన్సులు దొరికాయి. హీలియోస్ 44-2, సూపర్ టకుమార్ 50 ఎంఎం 1.4, నికాన్ 50 ఎంఎం 1.8. అడాప్టర్లు (పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగులు) కొని నా సోనీ ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు బిగించి, వెయ్యి స్తంభాల గుడిలో నందిని మూడింటితోనూ తీశాను. అందరూ గొప్పగా చెప్పే టకుమార్ 1.4 దగ్గరే కాదు, 5.6 దగ్గర కూడా మసకగా, పసుపుగా వచ్చింది. హీలియోస్ ఒకరోజు బాగుంది, ఇంకోరోజు బాగోలేదు. టకుమార్ పాడైనట్టేనా? అమ్మేయాలా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: అమ్మకండి. ముందు టకుమార్‌ను చేతిలోకి తీసుకుని, ఒంటి మీద 'ఎ', 'ఎం' అని ఉండే చిన్న స్విచ్ ఎటు ఉందో చూడండి. అది 'ఎ' వైపు ఉంటే, వెనకాల ఉన్న పిన్నును ఎవరో ఒకరు నొక్కేదాకా లోపలి రెక్కలు మూసుకోవు. వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను, చిన్నది చేసేవి ఈ రెక్కలే; 1.4 అంటే పూర్తిగా తెరిచినట్టు, అంకె పెరిగేకొద్దీ మూసినట్టు. ఆ రోజుల్లో ఆ పని కెమెరా చేసేది. మీ అడాప్టర్ ఆ పిన్నును నొక్కే రకం కాకపోతే మీరు రింగును 5.6కి తిప్పినా, 8కి తిప్పినా లెన్సు 1.4 లోనే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. ఫొటోల వివరాల్లో ఎపర్చర్ కనబడదు కానీ షట్టర్ స్పీడు కనబడుతుంది కదా, అది చూడండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) మార్చకుండా అదే వెలుతురులో తీసుంటే, 1.4 నుంచి 5.6కి వచ్చేసరికి షట్టర్ 16 రెట్లు నెమ్మదించాలి, అంటే 1/3200 కాస్తా 1/200 కావాలి. రెండింటికీ ఒకే స్పీడు ఉంటే మీ లెన్సు మీద పడ్డ నింద అక్కడే పోయింది. స్విచ్ 'ఎం'కి జరిపి మళ్లీ తీయండి. ఇదే స్విచ్ చూసుకోక నేను ఒకప్పుడు ఓ మంచి లెన్సును సగం ధరకు ఇచ్చేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

హీలియోస్ 44-2కి ఎపర్చర్ రింగులు రెండు. ఒకటి ఎంతవరకు మూయాలో పెట్టుకోవడానికి, ఇంకొకటి నిజంగా మూయడానికి, తెరవడానికి. రెండోది కొంచెం కదిలినా మీరు 2 అనుకున్నది 4 అయిపోతుంది. ఒకరోజు బాగుండి ఒకరోజు లేకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. నికాన్‌కు ఈ గొడవ లేదు, ఆ కాలపు నికాన్ లెన్సులు బాడీ నుంచి తీస్తే రింగు మీద పెట్టిన అంకెకే మూసుకుంటాయి.

ఇంకో కారణం నందే. నున్నగా మెరిసే నల్లరాయి, పైగా మొహం, మెడ, గంటలు, మూపురం అన్నీ వేర్వేరు దూరాల్లో ఉంటాయి. మీటరు దూరం నుంచి 1.4 దగ్గర మీకు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. మీరు ఊపిరి పీల్చి వదిలేలోపు ఫోకస్ ముక్కు మీంచి కంటికి జారిపోతుంది. అంటే మీరు పోల్చింది లెన్సులను కాదు, మీరు ఆ రోజు ఎంత కదలకుండా నిలబడ్డారో దాన్ని.

నేను చేసే పద్ధతి చెప్తాను. తెలుగు పేపర్లో చిన్న అక్షరాల ప్రకటనల పేజీలు ఐదు తీసుకుని చదునైన గోడకు, ఫ్రేము మధ్యలో ఒకటి, నాలుగు మూలలా నాలుగు అంటించండి. ట్రైపాడ్ మీద కెమెరా, సెల్ఫ్ టైమర్, చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆఫ్, ఐఎస్ఓ మార్చకుండా, 'రా' ఫైలుగా (కెమెరా మెరుగులు దిద్దని ఫొటోగా) తీయండి. గోడ రెండు మీటర్ల దూరంలో ఉంటే హీలియోస్ పెట్టినప్పుడు అడుగు వెనక్కి జరపాలి, అది 58 ఎంఎం కాబట్టి అక్కడి నుంచే తీస్తే అక్షరాలు పెద్దగా వస్తాయి. ఫోకస్ మాత్రం స్క్రీన్ మీద బాగా పెద్దది చేసుకుని, ప్రతి ఎపర్చర్ దగ్గర మళ్లీ మళ్లీ పెట్టండి, రెక్కలు మూసే కొద్దీ ఫోకస్ కాస్త జరిగే లెన్సులుంటాయి. మన లిపి కన్నా మంచి టెస్ట్ చార్ట్ నాకు దొరకలేదు. థ పొట్టలో చుక్క నిలిచిందా, ఒత్తులు పై అక్షరంతో కలిసిపోయాయా, మూలల్లో సున్నాలు గుడ్డులా సాగాయా, ఇవి చూస్తే చాలు.

ఒక పక్క మూలలు మాత్రమే మసకగా వస్తే వెంటనే లెన్సును తప్పు పట్టకండి. కెమెరాను తలకిందులు చేసి ఇంకొకటి తీయండి. మసక గోడకు అదే పక్క ఉంటే మీరు కెమెరాను వంకరగా నిలబెట్టినట్టు. గోడ మీద రెండో పక్కకు మారితే తేడా లెన్సులోనో అడాప్టర్‌లోనో ఉంది. అదేదో తేల్చడం మీకు సులువు, హీలియోస్, టకుమార్ రెండూ ఎం42 మర రకమే కాబట్టి అడాప్టర్ ఒకటే. రెండూ ఫ్రేములో ఒకే పక్క మసకబారితే అనుమానం అడాప్టర్ మీదే. దాన్ని మార్చి చూడండి.

పసుపు సంగతి: టకుమార్ 1.4 చాలా రకాల్లో వాడిన ఒక గాజులో థోరియం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపెక్కుతుంది. మామూలుగా వాడుకుంటే భయం లేదు, గాజు పగలగొట్టడం, అరగదీయడం మాత్రం చేయకండి. ఎండలో కొన్ని రోజులు పెడితే పసుపు చాలావరకు తగ్గుతుంది. కానీ మన వరంగల్ ఏప్రిల్ ఎండలో వద్దు, లోపలి గ్రీజు కరిగి రెక్కల మీదికి పాకుతుంది. చలికాలం పొద్దుటి ఎండలో, మీరు పక్కనే ఉండి పెట్టండి, లెన్సు భూతద్దంలా కిందున్న గుడ్డను కాల్చేయగలదు.

ఇదంతా అయ్యాక మళ్లీ నంది దగ్గరికి వెళ్లండి. పేపర్ చెప్పలేనివి అక్కడ తెలుస్తాయి. స్తంభాల మధ్య నుంచి ఎదురెండ పడ్డప్పుడు నలుపు నలుపుగానే ఉందా, బూడిదగా తేలిపోయిందా, మనిషి వెనకాల చెట్టు ఆకులు హీలియోస్ 2 దగ్గర సుడి తిరిగాయా. పదును ఒక్కటే చూసుకుంటే నికాన్ గెలవొచ్చు, అయినా మా ఇంట్లో పిల్లల ఫొటోలకు నేను హీలియోసే తీస్తాను.

ప్రశ్న: పాత లెన్సు కొనబోతే లోపల సాలెగూడులా సన్నని గీతలున్నాయి. అమ్మేవాడు ఫొటోలో కనబడదంటున్నాడు.
– కరీంనగర్

జవాబు: అది ఫంగస్. మామూలు వెలుతురులో నిజంగానే కనబడకపోవచ్చు, దీపం ఎదురుగా పెట్టి తీయించి చూడండి, కాంట్రాస్ట్ పడిపోతుంది. కోటింగును తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. నేనైతే కొనను. ఇంట్లో ఉన్నవాటిని వానాకాలం తోలు కవర్లలో ఉంచకండి, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

ప్రశ్న: నా నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు హీలియోస్ పెడితే దగ్గరివి బాగా వస్తున్నాయి, దూరానివి అస్సలు రావడం లేదు.
– జనగామ

జవాబు: లెన్సులో తప్పు లేదు. ఎం42 లెన్సు సెన్సర్‌కు 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, నికాన్ మౌంటే (లెన్సు బిగించే చోటే) 46.5 దగ్గర ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే మూడు మీటర్లు దాటితే ఫోకస్ దొరకదు, అడాప్టర్ మందం కూడా కలిస్తే ఇంకా తగ్గుతుంది. గాజు ఉన్న అడాప్టర్‌తో దూరం వస్తుంది కానీ పదును పోతుంది. కెనాన్ ఈఎఫ్ మౌంటు 44 మిల్లీమీటర్లే కాబట్టి ఆ కెమెరాలకు గాజు లేని ఉత్త రింగు సరిపోతుంది. మీరు దాన్ని పెళ్లికూతురి క్లోజప్‌లకు, మెహందీ చేతులకు ఉంచుకోండి, మండపం మొత్తం తీయడానికి మీ మామూలు లెన్సు పెట్టుకోండి.