ఐఎఫ్‌పీ పానెల్ మీద గణితం చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలి? – నా అనుభవం

విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్లకు పైగా గణితం చెబుతున్న మేడమ్ గారు అడిగిన ప్రశ్న ఇది. తరగతి గదిలోకి ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ పానెల్), అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర పానెల్ వచ్చింది, శిక్షణకు కూడా వెళ్లివచ్చారు, అయినా పిల్లల ముందు దాన్ని తాకాలంటే చెయ్యి వెనక్కి పోతోంది. ఈ వయసులో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నేర్చుకుంటే చాలు అని. నేను శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితమే చెబుతున్నాను. సర్వీసులో మీకంటే పెద్ద చిన్నా తేడా ఎక్కువ ఉండదు కాబట్టి, నాకు పనికివచ్చిన దారిని వివరంగా రాస్తున్నాను.

మేడమ్, పానెల్ మొత్తాన్ని నేర్చుకోవాలని కూర్చుంటే విసుగు తప్ప ఏమీ మిగలదు. మీరు ఏళ్ల తరబడి చెబుతున్న పాఠాల్లో, సుద్దముక్కతో ఎంత గీసినా పిల్లలకు అందని చోటు ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో మీకు బాగా తెలుసు, ఎందుకంటే ఏటా పిల్లలు అక్కడే తడబడతారు. ఆ ఒక్క చోటుకు ఏ పనిముట్టు కావాలో అది మాత్రమే ముందు నేర్చుకోండి. మిగిలిన మీటలన్నీ అలాగే ఉండనివ్వండి.

ఈ సాధనాలు మన బడుల్లోకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా వచ్చాయి. 2017లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు కేంద్ర ప్రభుత్వం దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను ప్రారంభించింది. తరువాత మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు చేరాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు, ఫోన్లలో వాట్సాప్ గ్రూపులు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ ట్యాబులు ఇచ్చారు. 2023 నుంచి నాడు-నేడు (ప్రభుత్వ బడులను బాగుచేసే పథకం) పనులు పూర్తయిన ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో పానెళ్లు బిగించారు. శిక్షణల్లో ఒక్క పూటలోనే పెన్ను, తుడుపు, రంగులు, రికార్డింగు, స్ప్లిట్ స్క్రీన్ అన్నీ చూపించి పంపేస్తారు. చూసినంతసేపూ తెలిసినట్టే ఉంటుంది, బడికి వచ్చి తెర ముందు నిలబడితే ఒక్కటీ గుర్తురాదు. ఇది మీ లోపం కాదు. ఏ పాఠానికి ఏది కావాలో చెప్పకుండా మీటలు మాత్రమే చూపిస్తే ఎవరికైనా అంతే.

నేను వెతుక్కున్న చోటు పదో తరగతి బహుపదుల్లో ఉంది. వర్గ బహుపది రేఖాచిత్రం పరావలయమని, అది ఎక్స్ అక్షాన్ని ఖండించిన చోట ఉండే ఎక్స్ విలువలే శూన్యాలని ఏటా చెబుతాం. పట్టిక వేసి, బిందువులు గుర్తించి, గ్రాఫు బోర్డు మీద ఒక వక్రం గీసేసరికి సగం పీరియడు అయిపోతుంది. రెండు శూన్యాలున్నప్పుడు, ఒకటే ఉన్నప్పుడు, అసలు లేనప్పుడు అంటూ మూడు బొమ్మలు గీస్తాం. పిల్లలు వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులుగా బట్టీ పడతారు. ఒకే వక్రం మెల్లగా పైకి జరుగుతూ పోతే ఆ మూడు స్థితులూ వరుసగా వస్తాయన్న విషయం బోర్డు మీద నిలిచిపోయిన బొమ్మతో చెప్పలేం.

దీనికి నేను జియోజెబ్రా పట్టుకున్నాను. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 2001లో మొదలుపెట్టిన గణిత సాఫ్ట్‌వేర్ ఇది; బడిలో వాడుకోవడానికి రూపాయి కట్టనక్కరలేదు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 3 ఎక్స్ మైనస్ 4 అనే బహుపదిని తీసుకోండి. దాని శూన్యాలు మైనస్ 1, 4. చివరనున్న స్థిరపదం బదులు ‘సీ’ అక్షరాన్ని ప్లస్ గుర్తుతో టైపు చేస్తే, జియోజెబ్రా దానికి ఒక స్లైడర్‌ను, అంటే జరిపితే ఆ విలువ మారే మీటను, తానే తయారుచేస్తుంది. దాన్ని మైనస్ 4 దగ్గర పెట్టి, వేలితో కుడివైపుకు జరుపుతూ ఉంటే పరావలయం ఆకారం మారకుండా నిటారుగా పైకి లేస్తుంది, రెండు శూన్యాలూ ఒకదానికొకటి దగ్గరవుతూ వస్తాయి. వక్రం అక్షాన్ని తాకిందనిపించగానే ఆపమనాలని తరగతికి ముందే చెబుతాను.

స్థిరపదం 2.2 దగ్గరికి రాగానే తరగతి మొత్తం ‘ఆపండి’ అంటుంది. అప్పుడు రెండు వేళ్లతో ఆ చోటును పెద్దది చేసి చూపిస్తాను. తాకినట్టు కనిపించిన వక్రం నిజానికి ఇంకా రెండు చోట్ల, సుమారు 1.28 దగ్గర ఒకసారి, 1.72 దగ్గర ఒకసారి, అక్షాన్ని ఖండిస్తూనే ఉంటుంది. ఇంకొక్క అడుగు జరిపితే 2.3 వస్తుంది; ఆ సరికే వక్రం అక్షాన్ని వదిలి పైకి వెళ్లిపోయి ఉంటుంది. స్లైడర్ మామూలుగా 0.1 చొప్పున జరుగుతుంది కాబట్టి, తాకే చోటు ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉందని పిల్లలకు అర్థమవుతుంది, పానెల్ మాత్రం దాన్ని చూపించడం లేదు. నేను అక్కడ పానెల్ వదిలేసి పక్కనున్న బోర్డు దగ్గరకు వెళతాను. వక్రం ఒక్క చోటే తాకాలంటే విచక్షణి, అంటే బీ స్క్వేర్ మైనస్ 4 ఏసీ, సున్నా కావాలి. ఇక్కడ అది సున్నా కావాలంటే, 9లోంచి స్థిరపదానికి నాలుగు రెట్లు తీసేస్తే సున్నా రావాలి. అంటే స్థిరపదం 2.25, శూన్యం 1.5. ఎవరో ఒకరు వచ్చి ఆ 2.25ను పానెల్ మీద టైపు చేస్తారు. వక్రం అక్షాన్ని సరిగ్గా ఒక్క చోట తాకి నిలుస్తుంది. విచక్షణి అనేది ఎందుకోసం పుట్టిందో ఆ క్షణంలో పిల్లలకు తెలిసినంత స్పష్టంగా, అంతకుముందు ఎన్నేళ్లు చెప్పినా నేను తెలియజేయలేకపోయాను. వర్గ సమీకరణాల అధ్యాయానికి వచ్చినప్పుడు మళ్లీ ఇదే ఫైలు తెరిస్తే సరిపోతుంది.

ఈ పాఠానికి నేను నేర్చుకున్నవి ఒక సమీకరణం టైపు చేయడం, స్లైడర్ జరపడం, రెండు వేళ్లతో పెద్దది చేయడం, అంతే. ఇందులో ఇంకో సంగతి కూడా నాకు బోధపడింది. కదలవలసినది పానెల్ మీద ఉండాలి, పీరియడు చివరివరకు పిల్లల కళ్ల ముందు నిలవవలసినది బోర్డు మీద ఉండాలి. సమస్య సాధనను మెట్టుమెట్టుగా పానెల్ మీద రాస్తే, పేజీ మార్చగానే మొదటి మెట్టు కనుమరుగైపోతుంది; వెనకబడిన పిల్లవాడికి మళ్లీ చూసుకునే వీలుండదు. అందుకే పానెల్ వచ్చాక కూడా సుద్దముక్కను నేను వదలలేదు, మీరూ వదలకండి.

సాధన ఎప్పుడు చేయాలంటే, చివరి గంట కొట్టాక ఖాళీ తరగతి గదిలో, తోటి ఉపాధ్యాయులను ఒకరిని పక్కన పెట్టుకుని చేయండి. ఇంట్లో ఫోన్ మీద చేసిన సాధన పనికి రాదని అనను గాని, తెర ముందు నిలబడి చెయ్యి ఎత్తి రాయడం వేరు. మీరు చేస్తుంటే ఆయన వెళ్లి చివరి బెంచీలో కూర్చోవాలి. జియోజెబ్రాలో అక్షరాల పరిమాణం మొదట చాలా చిన్నదిగా ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్లి పెంచితే తప్ప చివరి వరుసకు అంకెలు కనబడవు. గీత మందం కూడా పెంచాలి. తెల్లని తెర మీద పసుపు, లేత ఆకుపచ్చ రంగులు కనిపించవు. ముదురు నీలం, ఎరుపు, నలుపు చాలు. తూర్పు కిటికీ ఉన్న గదిలో మొదటి పీరియడ్లలో వెలుగు నేరుగా తెర మీద పడి సగం తరగతికి ఏమీ కనబడదు, ఆ ఒక్క కిటికీ తలుపు మూస్తే సరిపోతుంది. ఇవి చిన్న విషయాలే, కానీ పాఠం చెడేది ఎక్కువగా వీటివల్లే.

నెట్ మీద ఆధారపడి పాఠం తయారుచేయకండి. జియోజెబ్రాను ఒకసారి పానెల్‌లో వేసుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ ప్రయోగాలు (తెర మీదే చేసి చూసేవి) కూడా అంతే. వాటిని ఇంటి దగ్గర దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. ఆరు, ఏడు తరగతులకు భిన్నాలు చెప్పేటప్పుడు అవి బాగా ఉపయోగపడతాయి. తుపానుల కాలంలో మన రెండు జిల్లాల్లోనూ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, అదే పాఠాన్ని బోర్డు మీద ఎలా చెప్పాలో నోట్సులో రాసుకుని ఉంచండి.

మా బడిలో పానెల్‌కు నిజమైన గౌరవం తెచ్చిపెట్టిన పాఠం మాత్రం నాది కాదు, సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టారిది. భూమి చలనాల పాఠంలో ఒక పిల్లవాడు అరసవల్లి సంగతి ఎత్తాడు. సూర్యనారాయణ స్వామి ఆలయంలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయ కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని మా జిల్లాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ తేదీలే ఎందుకు అని వాడు అడిగాడు. మాస్టారు, నేను కలిసి ఏ చోట, ఏ వేళ ఆకాశం ఎలా ఉంటుందో చూపించే స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చాం. శ్రీకాకుళాన్ని స్థలంగా ఎంచుకుని, సూర్యోదయ వేళకు గడియారం పెట్టి, తేదీని ఒక్కొక్క రోజు ముందుకు జరుపుతూ వచ్చాం. సెప్టెంబరు 23న సరిగ్గా తూర్పున ఉదయించిన సూర్యుడు రోజురోజుకూ దక్షిణానికి జరిగాడు. అక్టోబరు 2 నాటికి తూర్పుకు సుమారు నాలుగు డిగ్రీల దక్షిణంగా ఉన్నాడు. ఆ చోట తెర మీద ఒక చుక్క పెట్టాం. డిసెంబరు 22 వరకు ఇంకా ఇంకా దూరం వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి మళ్లాడు. మార్చి 10 రాగానే చుక్క మీదికి చేరాడు. ‘మేస్టారూ, సూరీడు మళ్లీ అక్కడికే వచ్చీసినాడండీ’ అని ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

తరువాత పని నాది. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 22కు, అక్కడినుంచి మార్చి 10కి ఎన్నేసి రోజులో పిల్లల చేత లెక్క కట్టించాను. రెండువైపులా కాస్త అటూ ఇటూగా ఎనభై వచ్చింది. బహుపదుల పాఠంలో పరావలయానికి 1.5 దగ్గర నిలువు గీత గీసి, రెండు శూన్యాలూ దానికి సమాన దూరంలో ఉన్నాయని పిల్లలకు చూపించానే, ఆ సౌష్ఠవమే ఇక్కడ క్యాలెండర్‌లో ఉందని చెప్పాను. ఆ వారం నుంచి ప్రార్థన వేళ జెండా కర్ర నీడ ఎక్కడ పడుతుందో పిల్లలు నేల మీద గుర్తు పెడుతున్నారు. తెర మీద చూసింది పిల్లలను గది బయటకు, ఎండలోకి తీసుకువెళితే ఆ పాఠం పండినట్టేనని నేను నమ్ముతాను.

వీడియోల విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. చాలామంది పానెల్ అంటే వీడియో వేయడమే అనుకుంటారు, అదే అన్నిటికంటే తేలిక కూడా. పది నిమిషాల వీడియో వేస్తే తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దాన్ని మనం శ్రద్ధ అనుకుంటాం. తరువాత ప్రశ్న అడిగితే సంగతి తెలుస్తుంది. దీక్షాలో మంచి వీడియోలు ఉన్నాయి, నేనూ వాడతాను. కానీ అర నిమిషం నడిపి, ఆపి, తరువాత ఏమవుతుందో చెప్పమని అడిగి, పిల్లలు ఊహించాక మళ్లీ నడుపుతాను. వీడియోలో మాట్లాడే గొంతుకు మా పిల్లల పేర్లు తెలియవు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలియదు. అది మనకే తెలుసు.

పిల్లల ముందు చిన్నబోతామేమో అన్న మీ భయం గురించి కూడా రాయాలి. ట్యాబులు చేతిలో పట్టుకుని పెరిగిన పిల్లలు మనకంటే వేగంగా వేళ్లు ఆడిస్తారు, అందులో సందేహం లేదు. ఫైలు ఎక్కడ దాగిందో కనబడకపోతే ‘ఏమ్మా, ఇది ఎక్కడుందో చూపించు’ అని అడగండి. పిల్లలు చులకన చేయరు, పిలిచినందుకు పొంగిపోతారు. తెర వాడకం వాళ్లకు తెలియవచ్చు, వక్రం అక్షాన్ని ఎందుకు వదిలివెళ్లిందో మీకు తెలుసు, ఆ తేడా పిల్లలకు మనకంటే బాగా తెలుసు. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలను ముందు పిలవండి. నోరు విప్పి జవాబు చెప్పడానికి జంకే పిల్ల, స్లైడర్ జరపడానికి మాత్రం వెంటనే వస్తుంది. జరుపుతూ జరుపుతూ తనకు తెలియకుండానే మాట్లాడడం మొదలుపెడుతుంది. చురుకైన ఇద్దరు ముగ్గురి చేతికే తెర అప్పగిస్తే మాత్రం మిగతా తరగతి ప్రేక్షకులైపోతుంది.

బహుపదుల తరువాత, రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాల జతలకు ఇదే జియోజెబ్రా వాడండి. ఒక సమీకరణంలో గుణకాన్ని స్లైడర్‌గా పెడితే, ఖండించుకునే రెండు రేఖలు ఏ విలువ దగ్గర సమాంతరమవుతాయో పిల్లలే పట్టుకుంటారు. ఆపైన వృత్తానికి స్పర్శరేఖలు. ఛేదనరేఖను మెల్లగా జరిపితే రెండు బిందువులు ఒక్కటైపోవడం కళ్లకు కనబడుతుంది, బహుపదుల్లో చూసిందే మళ్లీ ఇక్కడ కనిపిస్తుంది కూడా. సాంఖ్యక శాస్త్రానికి నేను పానెల్ వాడను, సగటు, మధ్యగతం చేత్తో లెక్క కట్టి చూసినవాడికే పట్టుబడతాయి. నేను తయారుచేసుకున్న వర్గ బహుపది ఫైలు మీకు కావాలంటే అడగండి, పంపిస్తాను; దాంట్లో అక్షరాలు, రంగులు చివరి బెంచీకి సరిపోయేలా ముందే పెంచి పెట్టాను.