క్షమించాను సరే, సంతకం కూడా పెట్టాలా?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. ఆయన స్వార్జితమైన 3 ఎకరాల తోతాపురి తోటను అన్నయ్య తన ఒక్కడి పేరిట ఎక్కించుకోవాలని చూశాడు. అది కుదరకపోయేసరికి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమని అమ్మను, నన్ను అడుగుతున్నాడు. "ప్రార్థనాపరురాలివి కదా, నిజంగా క్షమించి ఉంటే సంతకం పెట్టు" అంటున్నాడు. మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) సమయానికి చంటిబిడ్డను సాకుగా చూపి నేను బయటికి వచ్చేస్తున్నాను. వచ్చే నెల తిరుపతిలో అన్నయ్య కూతురి పెళ్లి ఉంది. వెళ్లమంటారా?
– ఒక సహోదరి

జవాబు: సహోదరీ, మీ అన్నగారు రెండు వేర్వేరు సంగతులను ఒకే ముడి వేశారు. ముందు దాన్ని విప్పుకోవాలి.

బైబిలులోని యోసేపు కథను మనం విచిత్రమైన నిలువుటంగీ దగ్గర మొదలుపెట్టి, అన్నదమ్ములు మెడలు కౌగిలించుకొని ఏడ్చిన చోట ముగిస్తాం. మధ్యలోని ఆదికాండము 42, 43, 44 అధ్యాయాలను గబగబా దాటేస్తాం. మీకు కావలసినవి ఆ మూడే. 17 ఏళ్ల వయసులో తనను 20 తులముల వెండికి అమ్మేసిన అన్నలు, 20 ఏళ్లు దాటాక ధాన్యం కోసం వచ్చి, ఐగుప్తులో అధికారిగా ఉన్న తన ఎదుట సాగిలపడినప్పుడు, యోసేపు వెంటనే తానెవరో చెప్పుకోలేదు. తమ్ముడి విషయంలో తాము అపరాధులమేనని వాళ్లు తమలో తాము అనుకోవడం విని, అవతలికి పోయి ఏడ్చాడు. తిరిగి వచ్చి, వాళ్ల కళ్లెదుటే వాళ్లలో ఒకడైన షిమ్యోనును బంధించాడు. అదే సమయంలో వాళ్ల గోనెల్లో వాళ్ల రూకలు తిరిగి పెట్టించి, దారిబత్తెం కూడా ఇప్పించాడు. పగబట్టినవాడు దారిబత్తెం ఇవ్వడు; పూర్తిగా నమ్మినవాడు షిమ్యోనును ఆపుకోడు. తరువాత యోసేపు పెట్టించిన వెండి గిన్నె చిన్న తమ్ముడు బెన్యామీను గోనెలో దొరికి, అతణ్ని దాసునిగా ఉంచుకుంటానన్నప్పుడు, ఒకనాడు యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే ముందుకు వచ్చి, ఈ చిన్నవానికి బదులు నన్ను దాసునిగా ఉంచుకోమని వేడుకున్నాడు. యోసేపు తనను తాను తెలియజేసుకున్నది ఆ మాట విన్న తరువాతే. అతడు ఎప్పుడు క్షమించాడో గ్రంథం చెప్పదు గాని, ఎప్పుడు నమ్మాడో మాత్రం స్పష్టంగా చూపిస్తుంది. (యోసేపు చేసినవన్నీ అనుసరణీయమని నేననను, ముసలి తండ్రిని అంత బెంగకు గురిచేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.)

కాబట్టి పగతీర్చుకునే పనిని ప్రభువుకు వదిలిపెట్టడం, బంధువుల్లో అన్నగారిని పలుచన చేసే మాటలు మానుకోవడం మీరు ఈ రోజే చేయవలసినవి. సంతకానికి ఆ తొందర లేదు. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో (ఆస్తిలో) భాగం అడిగినప్పుడు, వారు చెప్పినది యుక్తమేనని యెహోవా సెలవిచ్చాడు (సంఖ్యాకాండము 27), ఆశపోతులని గద్దించలేదు. మన దేశంలోనూ, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుని ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. మీరిద్దరే సంతానమైతే, ఆ తోటలో అమ్మకు, అన్నకు, మీకు తలా ఒక ఎకరం. మీ ఎకరాన్ని ఆయనకు ఇష్టపూర్వకంగా ఇస్తే అది దానం, ఎవరూ కాదనరు. క్షమకు రుజువుగా రాయించుకుంటే మాత్రం బలవంతం. కోర్టుకు వెళ్లేముందు సంఘ పెద్దల్లో ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడండి, 1 కొరింథీ 6 కోరేది అదే. అమ్మను కూడా తొందరపడి వేలిముద్ర వేయవద్దని చెప్పండి.

బల్ల విషయంలో మిమ్మల్ని మీరు అనవసరంగా శిక్షించుకుంటున్నారు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లమని మత్తయి 5లో ప్రభువు చెప్పినది, సహోదరునికి తన మీద విరోధం ఉన్నదని గుర్తొచ్చినవానికి. మీ అన్నగారికి మీరు చేసిన అన్యాయమేదైనా ఉంటే సరిదిద్దుకోండి. సంతకం పెట్టకపోవడం అన్యాయం కాదు. పౌలు తన్ను తాను పరీక్షించుకొమ్మన్నది కూడా, పరీక్షించుకొని ఆ రొట్టె తినడానికే. ఈసారి బిడ్డను ఒళ్లో పెట్టుకొని లోపలే కూర్చోండి.

పెళ్లికి తప్పకుండా వెళ్లండి. యోసేపు ఇంకా ఏమీ బయటపెట్టకముందే అన్నలకు తన ఇంట భోజనం పెట్టించాడు. పైగా ఆ అమ్మాయి మీకేం చేసింది? మేనత్తగా చేయవలసినవన్నీ చేయండి. భోజనాల దగ్గర ఎవరైనా కాగితం తీస్తే, "ఇది పెళ్లి అన్నయ్యా, ఆ సంగతి పెద్దల ముందు మాట్లాడుకుందాం" అని చెప్పి, పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి కూర్చోండి.