కుక్క పరుపుకి మందు కొట్టకండి, వేడినీళ్లతో ఉతకండి

ప్రశ్న: సార్, మాది సర్జాపురం దగ్గర పల్లె. నాలుగు హెచ్ఎఫ్ ఆవులున్నాయి. మూడేళ్ల లాబ్రడార్ మగకుక్క కొట్టం పక్క వరండాలో ఫోమ్ పరుపు మీద పడుకుంటుంది. నెల నుంచి ఒకటే గోకుడు. పొట్ట కింద, తొడల లోపల ఎర్రగా కందింది, తోక మొదట్లో జుట్టు ఊడింది, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆవుల పిడుదులు పరుపులోకి చేరి గజ్జి పట్టిందని అనుకుంటున్నాం. రోజూ నల్ల ఫినాయిల్‌తో పరుపు కడుగుతున్నాం. మందుల షాపులో పశువుల పిడుదులకి వాడే డెల్టామెత్రిన్ ఇచ్చి, లీటరుకి 10 మి.లీ. కలిపి పరుపు తడిసేలా పోయమన్నారు. రెండుసార్లు పోశాం, తగ్గలేదు. మనవరాలు దానితోనే ఆడుకుంటుంది, ఇంట్లో పిల్లి కూడా ఉంది. పరుపుకి ఇంకా గట్టి మందు ఏదైనా చెప్పండి.

జవాబు: గట్టి మందు చెప్పను. ముందు ఆ పరుపుని కుక్కకి, పిల్లికి, పాపకి అందకుండా తీసి పక్కన పెట్టండి, ఈ రాత్రికి కుక్కని ఉతికిన పాత దుప్పటి మీద పడుకోబెట్టండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది గజ్జి అనిపించడం లేదు. గజ్జి అయితే ఎక్కువగా చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర, వెనక కాళ్ల మడమల దగ్గర మొదలవుతుంది, కుక్కని ముట్టుకునే మనుషుల చేతుల మీద కూడా దురద పొక్కులు వస్తుంటాయి. మీ కుక్కకి చెవులు బాగున్నాయి, ఇంట్లో ఎవరికీ దురద ఉందని మీరు రాయలేదు. కందింది ఎక్కడా అంటే పొట్ట, తొడల లోపల, అంటే జుట్టు పల్చగా ఉండి చర్మం నేరుగా పరుపుకి ఆనే చోట. నా అనుమానం ఆ మంట మీరు పోసిన ఫినాయిల్ వల్ల, పిడుదుల మందు వల్ల వచ్చిందనే. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు చర్మాన్ని కాల్చడమే కాదు, చర్మం గుండా లోపలికీ పోతాయి, కుక్క పొట్ట నాక్కుంటే నోట్లోకీ పోతాయి. డెల్టామెత్రిన్ చిక్కగా తగిలితే చర్మం మీద చీమలు పాకినట్టు, మండినట్టు ఉంటుంది, దాంతో కుక్క ఇంకా గోక్కుంటుంది. మీరేమో దురద తగ్గలేదని ఇంకోసారి పోశారు.

తోక మొదట్లో జుట్టు ఊడటం మాత్రం వేరే సంగతి, అక్కడ ఫ్లీలు ఉన్నాయేమో చూడాలి. ఎగిరి దూకే చిన్న గోధుమరంగు పురుగులు అవి. ఒక తెల్ల గుడ్డని తడిపి పరవండి, దాని మీద నిలబెట్టి తోక మొదట్లో దువ్వెనతో దువ్వండి. రాలిన నల్ల నలుసులు తడి గుడ్డ మీద ఒకటి రెండు నిమిషాల్లో ఎర్రగా చుట్టూ పాకితే అది మట్టి కాదు, కుక్క రక్తం తాగిన ఫ్లీల మలం. నల్లగానే ఉండిపోతే మామూలు దుమ్ము.

ఇక ఆవుల పిడుదులు కుక్క పరుపులోకి చేరాయనే మాట. ఆవుల మీద ఉండే పిడుదు ఎక్కువగా పశువుల్నే పట్టుకుని పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా వాటి మీదే బతుకుతుంది. కుక్కకి పట్టేది గోధుమరంగు కుక్క పిడుదు, అది వేరే రకం. పిల్లగా ఒకసారి, కాస్త పెరిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్క రక్తం తాగి ప్రతిసారీ కిందికి రాలిపోతుంది. ఆడది గోడ పగుళ్లలో, రాతి బండల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. అంటే దాని బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు, పరుపులో కన్నా వరండా గోడల్లోనే ఎక్కువ దాక్కుంటుంది. పరుపు మీద ఎంత పోస్తే ఏం లాభం? ఫ్లీల సంగతీ ఇంతే, కుక్క మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో 5 శాతం లోపే, మిగతావన్నీ గుడ్లు, పురుగు పిల్లలు, గూడు కట్టుకున్న ప్యూపాలు. ఆ గూళ్లలోకి ఏ స్ప్రేయీ సరిగా పోదు.

షాపులో చెప్పిన మోతాదు చూసి నిజంగా కోపం వచ్చింది. మి.లీ.కి 12.5 మి.గ్రా. ఉండే ఆ మందుని ఆవుల పిడుదులకే లీటరు నీళ్లకి 2 మి.లీ. కలపమంటారు. మీకు ఐదు రెట్లు చెప్పారు, అదీ జంతువు రోజంతా పడుకునే పరుపు మీద, పైగా పిల్లి ఉన్న ఇంట్లో! ఈ జాతి మందుల్ని పిల్లి శరీరం విరగ్గొట్టలేదు, వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోయే ప్రమాదం ఉంది. పంట మీద పురుగు కనిపిస్తే డబ్బా, కుక్క గోక్కుంటే డబ్బా, తగ్గకపోతే ఇంకో డబ్బా. అమ్మేవాళ్లకి మీ కుక్క బరువు తెలియదు, చర్మం వాళ్లు చూడలేదు, సీసా మీద రాసింది కూడా చదివి చెప్పలేదు. వచ్చే వారం మీకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇంజెక్షన్ చేయించమని కూడా చెబుతారు, చేయించకండి. కోలీ లాంటి గొర్రెల కాపరి జాతుల రక్తం కలిసిన కుక్కలకి ఆ మందు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది, ఏ కుక్కకైనా డాక్టరు చూడకుండా వేయకూడదు.

ఆ ఫోమ్‌ని ఉతికి వాడుకోవచ్చని ఆశపడకండి, అది పీల్చుకున్న మందు రాదు. సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. కాల్చొద్దు, చెరువులోనో కాలువలోనో ఉతకొద్దు, ఆ మందు చేపల్ని చంపుతుంది. దాని బదులు ఇంట్లో పాత నూలు చీరలతో రెండు బొంతలు కుట్టించండి. ఒకటి ఉతుకుతుంటే ఇంకొకటి వాడొచ్చు, ఫోమ్‌లా లోపల తడి నిలవదు, బెంగళూరు ముసురు రోజుల్లో కూడా తొందరగా ఆరుతుంది.

ఉతకడం ఇలా. బొంతని ఇంట్లో దులపకండి, బయటికి తీసుకెళ్లి దులిపి జుట్టు బ్రష్‌తో లాగేయండి. ఉచ్చ తడి ఉంటే ముందు మామూలు నీళ్లలో జాడించండి. తర్వాత మూడు చెంబుల మరిగే నీళ్లకి రెండు చెంబుల చల్లనీళ్ల లెక్కన బకెట్ నింపితే గుడ్డ వేశాక వేడి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్లీలూ వాటి గుడ్లూ చావడానికి కావాల్సింది ఆ వేడే, గోరువెచ్చని నీళ్లలో పిడుదులు చావవు. వాసన లేని డిటర్జెంట్ ఒక చెంచా చాలు. అరగంట నానబెట్టండి, చెయ్యి పెట్టకుండా కర్రతో కలపండి, పాపని దగ్గరికి రానివ్వకండి. మూడుసార్లు నురగ పోయేదాకా జాడించండి. కంఫర్ట్ లాంటి సువాసన ద్రవాలు వద్దు. ఉచ్చ వాసన పోకపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి 15 నిమిషాలు ఉంచి జాడించండి. ఆ తర్వాత పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పుతూ ఎండలో ఆరేయండి. ఎండ లేని రోజుల్లో డ్రయ్యర్ ఉంటే ఆరిన గుడ్డని ఎక్కువ వేడిలో 10 నిమిషాలు తిప్పితే చాలు, పిడుదులు దానికి తట్టుకోవు.

బ్లీచింగ్ ద్రావణం రోజూ వాడేది కాదు. కుక్కకి పార్వో అనే వైరస్ వల్ల వచ్చే విరేచనాలు పట్టినప్పుడు మాత్రం సబ్బుతో ఉతికి జాడించాక లీటరు నీళ్లకి 30 మి.లీ. కలిపి 10 నిమిషాలు నానబెట్టి, మళ్లీ బాగా జాడించాలి. ఉచ్చ తడి మీద నేరుగా బ్లీచ్ పోసినా, వెనిగర్‌తోనో బాత్‌రూమ్ యాసిడ్‌తోనో కలిపినా విషవాయువు వస్తుంది. డెటాల్ కూడా వద్దు, అందులోదీ ఫినాల్ జాతి రసాయనమే, పిల్లికి మరీ ప్రమాదం.

ఫ్లీలు తేలితే ఈ ఉతుకుడు వారానికి రెండుసార్లు, కనీసం రెండు నెలలు. గూళ్లలో మిగిలినవి తర్వాత బయటికి వస్తుంటాయి కాబట్టి మధ్యలో ఆపొద్దు. వరండా రోజూ ఊడ్చి చెత్తని బయట పారేయండి, గోడ పగుళ్లు, బండల సందులు సిమెంటుతో పూడ్పించండి.

కుక్కని ఈ రోజే గోరువెచ్చని నీళ్లతో, కుక్కలకి వాడే షాంపూతో కడిగి ఒంటి మీది మందు పోగొట్టండి. వేపనూనె, పసుపు, హారతి కర్పూరం ఏదీ రాయకండి. చొంగ కారినా, వణికినా, తూలినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి, పిల్లి విషయంలోనూ అంతే. స్నానం తర్వాత రెండు రోజులు ఏమీ పూయకుండా హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికో మీ దగ్గరి పశువైద్యుడి దగ్గరికో తీసుకెళ్లి చర్మం గీకి చూడమనండి, గజ్జి పురుగు కనిపిస్తే గజ్జేనని తేలుతుంది, కనిపించకపోయినంత మాత్రాన లేదని కచ్చితంగా అనలేం. ఫ్లీలకి, పిడుదులకి బరువు చూసి నోటి మాత్ర రాస్తారు, ఫ్లూరలనర్ అయితే ఫ్లీలకి ఒకసారి వేస్తే 12 వారాలు పనిచేస్తుంది. ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు ఉచ్చ, వీటిలో ఏది ఉన్నా పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష అడగండి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి తెల్ల ముక్కలు కనిపిస్తే అవి ఫ్లీల ద్వారా వచ్చే బద్దె పురుగులు, నులిపురుగుల మందు కూడా అవసరం.

షాపులో ఇచ్చిన సీసా పారేయకుండా డాక్టరుకి చూపించడానికి పట్టుకెళ్లండి. రేబీస్ టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు. ఏడాది దాటి ఉంటే, పాప రోజూ దానితో ఆడుతోంది కాబట్టి, అదే రోజు వేయొచ్చా అని డాక్టర్ని అడిగి వేయించుకుని రండి.