ఓవెన్‌లో ఏ భాగం పోయిందో తేలాకే రిపేరా, కొత్తదా అని ఆలోచించండి

మీ కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్‌లో లైటు వెలుగుతోందనీ, పళ్ళెం తిరుగుతోందనీ, లోపల పెట్టిన అన్నం మాత్రం చల్లగానే ఉంటోందనీ రాశారు. కొని అయిదేళ్ళయిందని, శ్రీకాకుళంలో మీరు చూపించిన మెకానిక్ మాగ్నెట్రాన్ (వేడి చేసే తరంగాలను పుట్టించే భాగం) పోయిందంటూ 3,200 రూపాయలు అడిగారని, అంత పోసేకంటే కొత్తది తీసుకుందామని ఇంట్లో అంటున్నారని కూడా రాశారు. విజయనగరంలో మా ఇంట్లో ఒకే ఓవెన్ నాలుగేళ్ళ తేడాతో రెండుసార్లు పాడైంది. మొదటిసారి బాగు చేయించాం, రెండోసారి తీసేశాం. ఆ అనుభవం మీకు పనికొస్తుందనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అమ్మకు చూపు తగ్గినప్పటి నుంచి ఆవిడను గ్యాసు పొయ్యి వెలిగించనివ్వడం లేదు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోయాక మధ్యాహ్నం ఆవిడ అన్నం, కూర వేడి చేసుకోవాలంటే ఓవెనే ఆధారం. 2019 వేసవిలో ఒకరోజు తలుపు తీయగానే లోపల టప్పుమని చప్పుడై, లైటుతో సహా అన్నీ ఆగిపోయాయి. ఇంటికి వచ్చిన మెకానిక్ ఫ్యూజు మార్చారు. రెండు రోజులకే అది మళ్ళీ కాలిపోయేసరికి బోర్డు పోయిందని, దీని మీద ఇంక డబ్బు పెట్టవద్దని చెప్పి వెళ్ళిపోయారు. నాకు నమ్మకం కుదరక, గంటస్తంభం దగ్గర చిన్న దుకాణంలో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి దాన్ని ఆటోలో వేసుకుని వెళ్ళాను.

ఆయన కవరు విప్పగానే ముందుగా కెపాసిటర్‌లో నిలవ ఉన్న కరెంటును దింపేశారు. ఆ తర్వాత తలుపు కొక్కేలు దిగే చోట ఉన్న మూడు చిన్న స్విచ్చులను ఊడదీసి బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కొక్కటి నా చేతికిచ్చి నొక్కి చూడమన్నారు. రెండు టిక్కుమన్నాయి. మూడోదాని మీట మెత్తగా దిగిపోయింది, చప్పుడే లేదు. దాని అంచున ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఓవెన్ పనిచేయకుండా ఆపేది ఈ స్విచ్చులే. వాటిలో కరెంటును ఆపవలసిన స్విచ్చు లోపల అతుక్కుపోతే, తలుపు తీసినప్పుడు కాపలాగా పెట్టిన మరో స్విచ్చు షార్టు చేసి ఫ్యూజును కాల్చేసేలా యంత్రాన్ని తయారు చేస్తారు. కాబట్టి పాడైన స్విచ్చును అలాగే ఉంచి ఎన్ని ఫ్యూజులు మార్చినా అవి నిలబడవు. స్విచ్చుకు, ఫ్యూజుకు, పనికి కలిపి ఆయన తీసుకున్నది 350 రూపాయలు. ఆ ఓవెన్ ఆ తర్వాత నాలుగేళ్ళు మా అమ్మకు అన్నం వేడి చేసి పెట్టింది.

ఇక మీ సంగతి. లైటు, పళ్ళెం పనిచేస్తూ వేడి మాత్రమే రాకపోతే అనుమానం మాగ్నెట్రాన్ మీదికి వెళ్ళడం సహజమే గానీ, కారణం అదొక్కటే కానక్కర లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటును రెండు వేల వోల్టుల పైకి పెంచుతుంది. కెపాసిటర్, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ కలిసి దాన్ని దాదాపు 4,000 వోల్టులకు చేరుస్తాయి. అప్పుడు గాని మాగ్నెట్రాన్ తరంగాలను పుట్టించదు. ఈ వరసలో ఏది పోయినా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే. డయోడ్ ఖరీదు మాగ్నెట్రాన్ ఖరీదులో చిన్న వంతు మాత్రమే. పైగా మంచి డయోడ్ కూడా కరెంటు కొలిచే మామూలు మల్టీమీటర్‌కు పోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే దానిలో ఎన్నో డయోడ్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీని జోడించి చూస్తే గాని సంగతి తెలియదు. మీ మెకానిక్ అలా చూశారా అని మర్యాదగా అడగండి. మాగ్నెట్రాన్ లోపలి తీగ (ఫిలమెంట్) కొసల మధ్య మీటరు 1 ఓమ్‌కు లోపు చూపాలి, ఏ కొసకూ బయటి లోహానికీ మధ్య కనెక్షన్ చూపకూడదు. ఈ రీడింగులను మీ ఎదుటే చూపించమనండి. స్టార్టు నొక్కినప్పుడు చప్పుడు ఎలా ఉందో కూడా ఆయనకు చెప్పండి. మామూలు కంటే బరువుగా గుయ్యిమంటుంటే ఈ వరసలో ఏదో షార్టయిందని అనుమానించాలి. ఆ మోత అసలే లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటే అందడం లేదేమో, అంటే బోర్డు మీద కరెంటును కలిపే రిలే గానీ తలుపు స్విచ్చు గానీ కారణమేమో చూడాలి.

ఈ పరీక్షలేవీ మీరు ఇంట్లో చేయవద్దు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండవచ్చు. మిక్సీ, ఫ్యాను సొంతంగా బాగు చేసుకునే వారు కూడా దీని కవరు జోలికి పోవద్దని బతిమాలి చెబుతున్నాను.

నిజంగా మాగ్నెట్రానే పోయిందని తేలితే ముందు వారంటీ కార్డు వెతకండి. కొన్ని కంపెనీలు మాగ్నెట్రాన్‌కు మిగతా యంత్రం కంటే ఎక్కువ ఏళ్ళు వారంటీ ఇస్తాయి. అది లేకపోయినా, మీ ఓవెన్ లాంటి కన్వెక్షన్ మోడల్ కొత్తది కొనాలంటే 3,200కు మూడు నాలుగు రెట్లు పెట్టవలసి వస్తుంది గనుక నేనైతే బాగు చేయిస్తాను. వేడి చేయడానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఓవెన్‌కైతే అంత ఇవ్వను. ఏదైనా లోపలి గోడలు, తలుపు బాగుంటేనే ఈ మాట.

మా రెండోసారి కథ అక్కడే తిరిగింది. 2023 వానాకాలంలో లోపల నిప్పురవ్వలు లేచాయి. పక్క గోడకు, తరంగాలు వచ్చే దారికి మూతగా ఉండే మైకా షీటు మీద నూనె చిమ్మి, అది మాడి, నల్లటి చిల్లు పడింది. వంద రూపాయల పనే గదా అనుకున్నాం. షీటు తీసి చూస్తే వెనక రంగు పెచ్చులుగా లేచి ఉంది. గాజు పళ్ళెం తీసి చూస్తే అడుగున పెన్సిలు మొన దిగేంత తుప్పు చిల్లు కనిపించింది. సముద్రపు తేమ ఉన్న మన జిల్లాల్లో ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. దానికి తోడు అన్నం వేడి చేశాక ఆవిరి తుడవకుండా తలుపు మూసేసేవాళ్ళం. ఆ తప్పు మాదే. తరంగాలను లోపలే ఆపవలసిన గోడకు చిల్లు పడిన దాన్ని వాడకూడదని ఆ పెద్దాయనే చెప్పి, మా దగ్గర పైసా తీసుకోలేదు. తలుపు వాలినా, అద్దం వెనకున్న జాలీ దెబ్బ తిన్నా కూడా ఇంక ఖర్చు లెక్కలు వేయకుండా ఓవెన్ మార్చేయండి.

బాగు చేయిస్తే దుకాణంలోనే పరీక్ష పెట్టించండి. గాజు గిన్నెలో ఒక లీటరు నీళ్ళు పోసి, థర్మామీటరుతో చూసి, ఫుల్ పవర్ మీద 2 నిమిషాలు ఉంచి, కలిపి మళ్ళీ చూడండి. 800 వాట్ల ఓవెన్ అయితే లెక్క ప్రకారం దాదాపు 23 డిగ్రీలు పెరగాలి. గిన్నె తీసుకునే వేడి పోగా 20 వచ్చినా సరే. బాగా తక్కువ వస్తే ఓవెన్ అక్కడే వదిలి రండి. వేసిన భాగానికి మూడు నెలల గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి.

కొనడానికే నిర్ణయించుకుంటే, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్లయితే, టచ్ బటన్ల బదులు తిప్పే నాబ్‌లున్నది చూడండి. మేం పాతది ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చి అలాంటిదే తెచ్చాం. టైమర్ మీద రెండు నిమిషాల గీత దగ్గర ఎర్ర గోళ్ళ రంగుతో ఒక బొడిపె చుక్క పెట్టాను. అమ్మ దాన్ని వేలితో తడిమి చూసుకుని, నాబ్ అక్కడి దాకా తిప్పుతుంది.